పెద్దత్త నమ్మని నీళ్ళు

పెద్దత్త పోయిన రోజు ఇంటికి వచ్చినవాళ్ళంతా ఆమె గురించి మంచి మాటలే చెప్పారు. చల్లని తల్లి అన్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అన్నారు. ఆమె గనక విని ఉంటే ఒక్కటీ నమ్మేది కాదు. కుడి కన్ను సగం మూసి, కొంగు పిడికిట్లో బిగించి, "ఈమె ఇంత తీపిగా మాట్లాడతా ఉండాదంటే ఏందో మనసులో పెట్టుకోనే వచ్చుండాది" అని నా చెవిలో ఊదేది. అది తలుచుకునేసరికి ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. పక్కనున్న ఆడబిడ్డ నా తొడ మీద గిల్లింది.

ఆమె మా అత్తగారి అక్క. తమిళనాట అరుప్పుకోట్టైలో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గాల ఇంటికే కోడలై, పెనిమిటి పోయాక కోవిల్‌పట్టికి, మా ఇంటికి వచ్చేసింది. పిల్లలు లేరు. నేను చిత్తూరు వైపు నుంచి ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు ఆమె నన్ను అడిగిన మొదటి మాట, "నిజంగానే డిగ్రీ చదివినావా?" అని. చదివానన్నాను. "ఏ ఊరి కాలేజీ? ఆడ పెద్దాసుపత్రి ఏ పక్కన ఉండాది, చెప్పు" అన్నది. పెళ్ళికూతురి పూలజడ ఇంకా విప్పలేదు, అప్పుడే నాకు ఒళ్ళు మండింది.

అనుమానం ఆమెకు జబ్బేమీ కాదు. వంట చేసినట్టు, వాకిలి ఊడ్చినట్టు రోజూ చేసే పని. పాలవాడు పోసిన పాలు బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసుకుని, జారిందా నిలిచిందా చూసేది. పూలమ్మి మూర వేసి ఇచ్చిన మల్లెపూలను వాకిట్లోనే తన మూరతో మళ్ళీ కొలిచేది. పూలమ్మి పొట్టి, పెద్దత్త పొడుగు. ఇంకేముంది, రోజూ తగువే. ఎవరైనా తలుపు కొడితే, కిటికీలోంచి ముఖం కనిపిస్తున్నా సరే, "ఎవురూ?" అనేది. "నేనే పెద్దత్తా" అంటే, "నేనే అని అందరూ అంటారు, పేరు చెప్పు" అనేది. విరుదునగర్ పోతే అక్కడి నూనె పరోటా ఆమెకు ప్రాణం. కానీ అంగట్లోకి పోయి, పెనం మీదికి వంగి, నూనె వాసన చూసిగానీ కూర్చునేది కాదు. పరోటా మాస్టరు తమిళంలో అరుస్తుంటే, "తినేది నా కడుపు, నీది కాదు గదా" అని ఈమె తెలుగులో జవాబిచ్చేది. ఆఖరికి విరుదునగర్ ఆసుపత్రిలో, మాట సగం పడిపోయాక కూడా, నర్సు మాత్ర ఇస్తే అట్ట చూపించమని సైగ చేసింది. "చెప్పేటోడికి వినేటోడు లోకువ" అనేది ఆమె జపించే మంత్రం.

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో మేము మట్టి లేకుండా ఆకులు పెంచుదామని బయలుదేరాం. కొరివితో తల గోక్కోవడమంటే అదే. పెరట్లో ఒకప్పుడు అగ్గిపెట్టెలు నిలవ చేసిన గది ఖాళీగా పడి ఉండేది. మా ఆయన అందులో ఇనుప అరలు నిలబెట్టి, తెల్ల గొట్టాలు పరిచి, పైన లైట్లు, గోడకో ఏసీ పెట్టించాడు. గొట్టాలకు చేసిన రంధ్రాల్లో లెట్యూస్, పాలకూర, పుదీనా. వేర్లు నీళ్ళల్లోనే వేలాడతాయి. కింద తొట్టిలో నీళ్ళకు ఎరువు కలిపి, మోటారుతో గొట్టాల్లో తిప్పుతాం. విరుదునగర్‌లో ఒక హోటలు, మదురైలో ఇంకొన్ని మా ఆకులు తీసుకునేవి.

ఈ సాగు ప్రాణమంతా నీళ్ళ పులుపులో ఉంటుంది. దాన్నే పీహెచ్ అంటారు. అంకె ఆరు దగ్గర నిలిచిందా, మొక్క హాయిగా ఎరువు తాగుతుంది. అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు. ఏడు దాటి పైకి పోయిందా, నీళ్ళల్లో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. ఎదుట అన్నం పెట్టి చేతులు కట్టేసినట్టే. లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అందుకని పొద్దున, సాయంత్రం మీటరు ముంచి చూడాలి. అంకె పెరిగి ఉంటే యాసిడ్ చుక్కలు వేసి దించాలి.

ఆ పని చూడటానికి జెసింత వచ్చేది. రైలుకట్ట అవతల కాలనీలో ఉంటుంది. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే కిరస్తానీ కుటుంబం. అంతకుముందు శివకాశి దగ్గర టపాకాయల ఫ్యాక్టరీలో మందు నింపేది. ఒకరోజు పక్క గదిలో నిప్పు లేచింది. ఆ గదిలో పనిచేసే ఆమె స్నేహితురాలు బయటికి రాలేదు. అప్పటి నుంచి జెసింత మా వంటింట్లో కుక్కరు ఈల వేసినా ఉలిక్కిపడేది. తల్లిని, తమ్ముణ్ణి పోషించేది ఆమే. "ఈ పని లేకుంటే మళ్ళా ఆ వ్యానే ఎక్కాలక్కా" అని ఒకసారి నాతో అన్నది. తెల్లారేసరికి బస్టాండు దగ్గర ఫ్యాక్టరీ వ్యాన్లు నిలుస్తాయి. ఇంకో పని దొరకనివాళ్ళు ఎక్కుతారు.

మీటరును మొదటిసారి చూసిన రోజు పెద్దత్త దాన్ని తలకిందులు చేసి చూసింది.

"దీనికి నాలిక లేదు కదా, పులుపు ఎట్ల తెలుస్తుంది?"

"తెలుస్తుంది పెద్దత్తా. దీనికి మనమే నేర్పిస్తాం. ఎంత పులుపో ముందే తెలిసిన నీళ్ళు ఉంటాయి. అందులో ముంచి అంకె సరిచేస్తాం."

"ఆ తెలిసిన నీళ్ళు ఎవురు ఇచ్చినారు?"

"మీటరు అమ్మినవాళ్ళే."

"చూసినావా!" అని లేచిపోయింది.

మరునాటి నుంచి ఇంకో వేషం. ఒక గ్లాసులో నిమ్మకాయ నీళ్ళు, ఇంకో గ్లాసులో ఉత్త నీళ్ళు తెచ్చి జెసింత ముందర పెట్టి, "ఏది ఏదో దాన్ని చెప్పమను" అనేది. మీటరు సరిగ్గానే చెప్పేది. "నిమ్మకాయ వాసన చూసుండాది" అనేది పెద్దత్త. జెసింత నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగేది. ఆ రోజుల్లో ఇద్దరికీ పొత్తు కుదిరిందనే అనుకున్నాను.

ఆ ఎండాకాలం అరుప్పుకోట్టైలో దగ్గరివాళ్ళ పెళ్ళికి మేమంతా పోయాం. ఇల్లు ఖాళీగా వదిలితే ఎవడొచ్చి ఏం పట్టుకుపోతాడోనని పెద్దత్త రాలేదు. మేము తిరిగొచ్చిన కొన్నాళ్ళకే గదిలో గోల మొదలైంది. జెసింత సాయంత్రం అంకెను ఆరుకు దించి ఇంటికి పోయేది. పొద్దున వచ్చి చూస్తే ఎనిమిది. మళ్ళీ దించితే మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కేది. లెట్యూస్ లేత ఆకులు పసుపెక్కాయి. విరుదునగర్ హోటలువాళ్ళు పెట్టె మూత తీసి, అట్లాగే మూసి, తిప్పి పంపారు. మా ఆయన మీటరు పాడైందని కొత్తది తెప్పించాడు, అదీ అదే పాట పాడింది. జెసింత ఎరువు పొట్లాలు మంచివి కావేమో అన్నది. నేను ఏసీని తిట్టాను. పెద్దత్త మాత్రం వస్తువులను తప్పుపట్టే రకం కాదు. వస్తువు వెనకాల మనిషి కోసం వెతుకుతుంది.

ఒకరోజు తొట్టి అడుగున చెయ్యి పెట్టి తడిమి, తెల్లటి బురదలాంటి పొడి తీసింది. రెండు వేళ్ళ మధ్య నలిపి నా కళ్ళ ముందు పెట్టింది.

"ఇది యాడనుంచి వచ్చె?"

"తెలీదు పెద్దత్తా."

"నాకు తెలుసు. విరుదునగర్‌లో ఎవుడో ఇట్లాంటి గదే పెట్టినాడంట. వాడే పంపుండాడు ఈమెను. లేకుంటే ఎండలో అంత దూరం నడుచుకోని సుమ్మా, ఊరికే వస్తుందా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు పాపా."

ఆ అనుమానంలో కులం లేదని నేను చెప్పను. పాలవాడి దగ్గర పాలను మాత్రమే అనుమానించింది. జెసింత దగ్గర టిఫిన్ డబ్బా తెరిపించింది. ఆ తేడా కళ్ళారా చూశాక నాకు కోపం ఆగలేదు.

"ఆమెను అట్లా వెతికితే మర్యాదగా ఉండదు పెద్దత్తా! పనికొచ్చిన మనిషి, దొంగతనానికి రాలేదు."

"మర్యాద ఆకును బతికిస్తుందా?" అన్నది.

మా ఆయన వైపు చూశాను. పెద్దత్త ముందర ఆయన ఎప్పుడూ కుక్కిన పేనే. ఇల్లంతా ఒకరినొకరు ఓరకంట చూసుకునే స్థితికి వచ్చాం. జెసింత మా ఇంట్లో కాఫీ తాగడం మానేసింది. యాసిడ్ సీసా మూత తీసేటప్పుడు పెద్దత్త ఎక్కడుందో చూసుకుని మరీ తీసేది. అట్లా చూసుకోవడమే పెద్దత్తకు ఇంకో రుజువైంది.

తరువాత ఒక ఉదయం నేను బజారు నుంచి వచ్చేసరికి జెసింత గేటు దగ్గర చేతిలో సంచితో నిలబడి ఉంది.

"ఏమైంది జెసింతా?"

"పెద్దమ్మ నా కొంగు ముడి విప్పమనె అక్కా. విప్పి చూపించినాను. పొడి లేదు. చేతులు వాసన చూసె. అయినా నమ్మలే." ఆమె గొంతులో ఏడుపు లేదు, అందుకే నాకు భయం వేసింది. "రేపటి నుంచి వ్యానుకు పోతానక్కా. ఆడ కూడా వెతుకుతారు, అగ్గిపెట్టె గిగ్గిపెట్టె ఉండాదేమోనని. అది అందరినీ వెతుకుతారు. నన్నొక్కదాన్నే కాదు."

ఉండమని బతిమాలాను. చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుని వెళ్ళిపోయింది.

లోపలికి పోయి పెద్దత్తను నాలుగు మాటలు అడిగేద్దామనుకున్నాను. ఆమె గెలిచినట్టు ఏమీ కూర్చుని లేదు. అదీ ఆమె! తన అనుమానం మీద కూడా ఆమెకు పూర్తి నమ్మకం ఉండేది కాదు. "రుజువు కావాల" అన్నది. పూజగది తాళం తీసి, గుడ్డ కప్పిన ఒక బిందె బయటికి తెచ్చింది. ఆ పొద్దున జెసింత రాకముందే, వాకిట్లో భూమి లోపలున్న మా సంపులోంచి తన చేత్తో నీళ్ళు తోడి, దేవుడి ముందర పెట్టి తాళం వేసిందట.

"ఇవి ఆమె తాకని నీల్లు. ఎరువు లేదు, యాసిడ్ లేదు. మీటరు పెట్టు. ఇవి బాగుంటే ఆమె దొంగ. నీ చేత్తో పెట్టు, నేను చూస్తా."

పెట్టాను. అంకె ఏడు దాటింది, ఎనిమిది దాటింది, తొమ్మిది దాటి ఇంకా పైకి పోతూనే ఉంది. పాత మీటరు పెట్టాను. అదీ అంతే. మా ఊరికి తామ్రపర్ణి నుంచి పైపులో వచ్చే నీళ్ళు ఎప్పుడూ అట్లా ఉండవు. పక్కింటి కొళాయి నీళ్ళు చెంబుతో తెచ్చి చూశాను. మామూలుగానే ఉన్నాయి. అంటే దోషం నీళ్ళది కాదు, మా సంపుది.

"సంపులో ఏముంది పెద్దత్తా?"

బిందె మీద గుడ్డ మళ్ళీ కప్పింది.

"మేము పెళ్ళికి పోయినప్పుడు సంపు ఎవరైనా తెరిచారా?"

కొంగు నలిపింది. తరువాత గోడకేసి చూస్తూ చెప్పింది. "పురుగు కనపడె. కొళాయి నీల్లలో పురుగు. ఎవుర్ని నమ్మేది? మనిషిని పిలిచి సంపు కడిగిస్తిని. లోపలంతా సున్నం కొట్టిస్తిని. వాడు పల్చగా కొట్టి పోతాడని పక్కనే నిలబడుకోని, మందంగా కొట్టిస్తిని. మా అమ్మగారింట్లో ఎండాకాలమొస్తే తొట్టికి సున్నమే కదా కొడతారు, నీల్లు తేటగా ఉంటాయని."

ఈ పక్క అది పాత అలవాటే. తాగే నీళ్ళ తొట్టి కడిగితే లోపల సున్నం పూయకుండా వదలరు. మనుషుల సంగతి ఏమోగానీ, మా గదిలో మొక్కలకు అది చేటైంది. తొట్టిలో నీళ్ళు తగ్గినప్పుడల్లా సంపు నీళ్ళు వాటంతట అవే వచ్చి చేరేలా మా ఆయన గొట్టం పెట్టించాడు. జెసింత దించుతూ పోయింది, సంపు ఎక్కిస్తూ పోయింది. అడుగున పేరుకున్న ఆ తెల్ల పొడి, సున్నం తగిలి ఎరువు విరిగి దిగిందే. ఎవరో పొడి కలుపుతున్నారన్న మాట నిజమే. ఆ కలిపిన చెయ్యి పెద్దత్తది.

"ఒక మనిషి కొంగు విప్పించావు కదా పెద్దత్తా," అన్నాను. ఆమె బిందె ఎత్తుకుపోయి పెరట్లో పారబోసింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని నా ముందు నిలబడింది. "స్కూటరు తీయి" అన్నది. ఎక్కడికని నేను అడగలేదు.

బస్టాండు దగ్గర వ్యాను నిండిపోయి ఉంది. క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు. జెసింత కిటికీ పక్కన కూర్చుని ఉంది. పెద్దత్త కిటికీ ఊచ పట్టుకుంది.

"జెసింతా, దిగు."

జెసింత ఇటు తిరగలేదు.

"సున్నం నేను కొట్టించినా. సంపులో. నీ తప్పేం లేదు. తప్పు నాది." బండిలో అందరికీ వినిపించేట్టే అన్నది. తప్పు నాది అనే మాట ఆమె నోట నేను విన్నది అదే మొదలు.

జెసింత అప్పుడు తల తిప్పింది. "ఇప్పుడెందుకు చెప్తా ఉండారు పెద్దమ్మా? పనికి వేరే మనిషి దొరకలేదా?"

పెద్దత్త తల ఊపింది. "సరిగ్గానే అడిగినావు. నేనైనా అదే అడుగుదును" అన్నది. కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, బండి చుట్టూ తిరిగి పోయి, వ్యాను ఎక్కేసింది! జెసింత పక్కన కూర్చున్న పిల్లను జరిపి, చోటు చేసుకుని కూర్చుంది. డ్రైవరు, "పాట్టీ, దిగండి" అని అవ్వను పిలిచినట్టు తమిళంలో కేకేశాడు.

"దిగేది లేదు. నేనూ పనికి వస్తా ఉండా. మగ్గం నేసిన చేతులు, మందు నింపేది నేర్చుకోలేనా?"

ఆడవాళ్ళు నవ్వారు. జెసింత నవ్వలేదు. డ్రైవరు ఆలస్యమవుతోందని గొణిగి బండి కదిలించేశాడు.

నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె గుండె జబ్బు మనిషి. ఇది మంకుపట్టా, బుద్ధేనా అని తిట్టుకుంటూ స్కూటరు మీద వెంటపడ్డాను. వ్యాను నన్ను పట్టించుకోలేదు. హారన్ కొట్టాను, చెయ్యి ఊపాను, లాభం లేదు. ఊరి చివర పెట్రోలు బంకు దాటాక ఉన్నట్టుండి ఆగింది. ముందు జెసింత దిగింది. తరువాత పెద్దత్తను చెయ్యి పట్టి దించింది. జెసింత ముఖమంతా కన్నీళ్ళు. నన్ను చూడగానే విరుచుకుపడింది.

"ఈమెను ఎందుకక్కా తోడుకోనొచ్చినావు? ఆ గదిలో ఎట్ల కూర్చోవాల, మందు యాడ పెడతారు అని దారి పొడుగునా అడగతానే ఉండాది. నేను ఈమెను పక్కన పెట్టుకోని ఆ మందు నింపేదా? నావల్ల కాదు. నేనొక్కదాన్నే అయితే పోయుందును."

పెద్దత్త రోడ్డు పక్క రాయి మీద కూర్చుని చెప్పులోని ఇసుక దులుపుకుంది.

జెసింత పనిలోకి వచ్చింది. సంపు ఖాళీ చేసి, సున్నం గీకించి, మళ్ళీ మళ్ళీ కడిగించాం. కొత్త చిగుళ్ళు పచ్చగా రావడానికి వారాలు పట్టింది. పెద్దత్త మారిపోయిందని రాస్తే అది పచ్చి అబద్ధం. సంపు గీకిన మనిషి సరిగా గీకలేదని గొడవ పెట్టుకుంది. పూలమ్మితో తగువు ఆసుపత్రికి పోయే రోజు వరకూ నడిచింది. జెసింతను మాత్రం మళ్ళీ ఏమీ అడగలేదు. పొద్దున ఆమె వచ్చి అంకె చూసి, "ఆరు పెద్దమ్మా" అంటే, "ఆరా, సరి" అనేది.

ఇన్నేళ్ళు ఆమె పక్కన బతికితే ఆ బుద్ధి కొంచెమైనా అంటకుండా ఉంటుందా? నా లోపల ఒక పురుగు దొలుస్తూనే ఉండేది. ఆ రోజు పెద్దత్త నిజంగా ఫ్యాక్టరీకి పోయేదేనా? తను ఎక్కితే జెసింత దిగకుండా ఉండలేదని లెక్క వేసుకునే ఎక్కిందా? ఆమె ఉండగా అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె పోయిన తరువాతి వారం, గదిలో జెసింత మీటరు కడుగుతుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"అదంతా నాటకమేమో కదా జెసింతా?"

జెసింత మీటరును తుడిచి పక్కన పెట్టింది.

"నాకూ అదే సందేగం అక్కా ఆ రోజు. అందుకే ఆమె చెయ్యి పట్టుకోని చూసినాను. మంచుగడ్డ మాదిరి చల్లగా ఉండె. వణకతా ఉండె. బండి కదిలినాక దిగమని నన్ను ఒక్క మాట కూడా అనలే. భయపడతానే వస్తా ఉండె అక్కా, నాతో."